అడవిపందికి ఏ తూటా, ఏ గుండు? .315 సరిపోతుందా?

భాకరాపేట రైతు

అందరికీ నమస్కారం. భాకరాపేట దగ్గర అడవి అంచునే మా పొలం. సగం వేరుశనగ, సగం మామిడి. ఊడలు దిగి కాయ పాలు పోసుకునే సమయానికి పందుల గుంపు దిగుతుంది. తెల్లారేసరికి చాళ్లకు చాళ్లు ముట్టెతో దున్నేసి ఉంటాయి. తిన్నదానికంటే తొక్కి పాడుచేసిందే ఎక్కువ.

ఊరి రైతులం కలిసి అటవీశాఖకు అర్జీ ఇచ్చాం. అనుమతి వస్తే కాల్చే పని నాకు అప్పగించాలని అనుకున్నారు. పంట రక్షణ కోసం నాన్నగారికి ఇచ్చిన లైసెన్సు ఇప్పుడు నా పేరు మీదికి మారింది. తుపాకి ఇషాపూర్ .315 రైఫిల్. మా మామయ్య దగ్గర డబుల్ బ్యారెల్ 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) తుపాకి ఉంది, అది తెచ్చుకుని ఎల్‌జీ తూటాలు, అంటే పెద్ద గుండ్లు కొన్ని కలిపి నింపినవి, వాడమని ఆయన అంటున్నారు. .315 అమ్మేసి 30-06 రైఫిల్ తీసుకో అని ఒక స్నేహితుడు అంటున్నాడు. గుంపుతో పాటు ఒక పెద్ద ఒంటిపంది (ఒంటరిగా తిరిగే మగపంది) కూడా వస్తోంది, వంద కిలోలు దాటి ఉంటుంది. దెబ్బ తిని పారిపోయి ఎవరి మీదికో రాకూడదన్నదే నా భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

డబుల్ బ్యారెల్, పుంగనూరు

తమ్ముడూ, మీ మామయ్య చెప్పిందే సరైన మాట. చీకట్లో కదిలే జంతువు మీద రైఫిల్‌తో సన్నగా గురి చూసే సమయం ఎక్కడుంటుంది? ఎల్‌జీలో ఆరు గుండ్లు ఉంటాయి. ఒకటి తప్పినా మరొకటి తగులుతుంది. రెండో గొట్టం చేతిలో సిద్ధంగా ఉంటుంది. మా నాన్న కాలం నుంచి ఈ ప్రాంతంలో పందికి వాడింది అదే. రైఫిల్ అంతా ఈమధ్య వచ్చిన మోజు.

రిటైర్డ్ రేంజర్

తూటా సంగతికి ముందు కాగితం సంగతి చూద్దాం. ఇక్కడ చాలామంది దాన్ని దాటేసి మాట్లాడతారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది రక్షిత జంతువే. 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. మనుషుల ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ముప్పుగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నిర్ధారిస్తే, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా, ఫలానా ప్రాంతంలో వేటాడేందుకు అనుమతి ఇవ్వవచ్చు. అది సెక్షన్ 11లోని మాట. ఆ కాగితం చేతికి రాకముందు ఒక్క గుండు పేల్చినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అభయారణ్యంలోనో జాతీయ పార్కులోనో అయితే శిక్ష ఇంకా పెరుగుతుంది. భాకరాపేట చుట్టుపక్కల అడవిలో ఏ బండరాయి దగ్గర ఏ హద్దు మొదలవుతుందో అటవీశాఖ బీట్ అధికారిని వెంట పెట్టుకుని పగలే చూసుకోండి.

మామయ్యగారి తుపాకి సంగతి మరచిపోండి. ఆయన లైసెన్సులో ఉన్న ఆయుధంతో మీరు కాల్చడం కుదరదు. అది మరో కేసు అవుతుంది.

కొత్త లైసెన్స్

రేంజర్ గారూ, ఉత్తరాఖండ్, బిహార్‌లలో అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించారు కదా? మనకు అది వర్తించదా?

రిటైర్డ్ రేంజర్

వర్తించదు. కేంద్రం సెక్షన్ 62 కింద ఇచ్చిన ఆ ప్రకటనలు ఆ రాష్ట్రాల్లో పేర్కొన్న జిల్లాలకు, పరిమిత కాలానికి మాత్రమే. కేరళ కూడా అలా ప్రకటించమని అడిగింది, కేంద్రం ఒప్పుకోలేదు. అందుకే వాళ్లు 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చి, లైసెన్సు ఉన్న షూటర్ల చేత కాల్పించే పద్ధతి పెట్టుకున్నారు. పక్క రాష్ట్రం వార్తను వాట్సాప్‌లో చదివి తుపాకి తీసినవాళ్లను నేను ఉద్యోగంలో ఉండగా చూశాను.

పశువైద్యుడు, పలమనేరు

అటవీశాఖ పిలిచినప్పుడు పోస్టుమార్టం చేస్తుంటాను కాబట్టి లోపల ఏముంటుందో చెబుతాను. ఏ బోరు అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పంది గుండె చాలామంది అనుకునేదానికంటే కిందికి, ముందుకు ఉంటుంది. ముందుకాళ్ల మధ్య, దాదాపు మోచేయి ఎత్తులోనే. ఊపిరితిత్తులు కూడా ముందుకు సర్దుకుని ఉంటాయి, జింకలో ఉన్నంత వెనక్కి రావు. వెన్నెముక భుజాల దగ్గర బాగా కిందికి దిగుతుంది. పైన కనిపించే మూపురం లాంటి ఎత్తంతా నిటారు వెంట్రుకలు, కొవ్వు, వెన్నుపూసల పొడవాటి ముళ్లు. కాబట్టి జింకకు కాల్చినట్లు భుజం వెనక కాలిస్తే గుండు కాలేయంలోకో పొట్టలోకో వెళుతుంది. మధ్యలో ఎత్తుగా కాలిస్తే వెన్నుముళ్లు విరిగి, పంది కూలబడి, నిమిషంలో లేచి పరుగెత్తుతుంది. చచ్చిందనుకుని దగ్గరికి వెళ్లినవాళ్లకు ప్రమాదం జరిగేది ఇలాంటి దెబ్బల్లోనే.

పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి మధ్యగీతను పైకి పట్టుకెళ్లండి. ఛాతీ లోతులో కింది మూడో వంతు దగ్గర ఆగండి. అక్కడ తగిలితే భుజం ఎముక, గుండె, ఊపిరితిత్తుల ముందు భాగం ఒకే దారిలో వస్తాయి.

ఇక ఆ ఒంటిపంది గురించి. పెద్ద మగపందుల భుజాల మీద చర్మం కింద గట్టి మృదులాస్థి లాంటి డాలు ఉంటుంది. మగపందులు ఒకదానినొకటి కోరలతో చీల్చుకుంటాయి కాబట్టి ప్రకృతి ఇచ్చిన రక్షణ అది. వయసుతో పాటు మందం పెరుగుతుంది. ముసలివాటిలో రెండు మూడు సెంటీమీటర్లు నేనే కొలిచాను. రైఫిల్ గుండు ఆగిపోయేంత గట్టిది కాదు, అదంతా కట్టుకథ. కానీ చిన్న గుండ్లను, పైపైనే పగిలిపోయే గుండ్లను నెమ్మదింపజేస్తుంది. పైగా కొవ్వు, బురద కలిసి గాయాన్ని మూసేస్తాయి. రక్తపు జాడ పడదు. గుండు అవతలి వైపు నుంచి బయటికి వచ్చిందంటేనే జాడ పట్టుకోగలం.

డబుల్ బ్యారెల్, పుంగనూరు

డాక్టర్ గారూ, ఎల్‌జీతో పడిన పందులు నా కళ్లముందు ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఎలా పడ్డాయంటారు?

పశువైద్యుడు, పలమనేరు

పడినవి మీకు కనిపించాయి అన్నా. పొట్టలో గుండుతో వంకలోకి వెళ్లి నాలుగు రోజులకు చచ్చినవి నాకు కనిపించాయి. నేను తూచినవాటిలో ఎల్‌జీ గుండు ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాములు. గోళాకారం కాబట్టి గాలిలోనే వేగం కోల్పోతుంది. మీ .315 గుండు 244 గ్రెయిన్లు, అంటే పదహారు గ్రాములకు కాస్త తక్కువ. ఆరు గుండ్లు కలిపితే ఇరవై ఏడు గ్రాములైనా, ప్రతి గుండూ తన దారి తానే తవ్వుకోవాలి కదా. పదిహేను, ఇరవై మీటర్లలో పిల్లపందికి, ఆడపందికి ఎల్‌జీ పనిచేస్తుంది, కాదనను. ముప్పై దాటితే గుండ్లు చెదిరి రెండో మూడో తగులుతాయి, అవి ఎక్కడ తగులుతాయో ఎవరూ చెప్పలేరు. డాలు ఉన్న మగపంది మీద నేనైతే దాన్ని వాడనివ్వను.

ఆస్టిన్ చిత్తూరోడు

చిత్తూరులో పుట్టి టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడి లెక్క వేరు. ఇక్కడివి యూరప్ నుంచి తెచ్చిన పందులు అడవిపాలై పెరిగినవి, రాష్ట్రంలో ఇరవై లక్షలకు పైనే ఉంటాయని అంచనా. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్సు కూడా అవసరం లేదు. ఏడాది పొడవునా కాల్చవచ్చు, హెలికాప్టర్ నుంచి కూడా. అందుకే ఇక్కడి వీడియోలు చూసి అక్కడ అలాగే చేయాలనుకోవద్దు. గుండు గురించి ఇక్కడ నేర్చుకున్నది మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఇక్కడ పందిని .223 నుంచి .45-70 దాకా అన్నింటితో కాలుస్తారు. బోరు కంటే గుండు నిర్మాణం ఎంత తేడా చేస్తుందో అక్కడే తెలుస్తుంది. .223లో నక్కల కోసం చేసిన 55 గ్రెయిన్ల గుండు సెకనుకు దాదాపు వెయ్యి మీటర్ల వేగంతో వెళ్లి, మగపంది భుజం మీద పైపైనే పగిలిపోతుంది. పెద్ద గాయం కనిపిస్తుంది, లోతు ఉండదు. అదే .223లో మొత్తం రాగితో చేసిన గుండు వేస్తే భుజం దాటి లోపలికి వెళుతుంది. రైఫిల్ అదే, తూటాలోని పేలుడు మందు దాదాపు అదే.

రకాలు ఇవి. మామూలు సాఫ్ట్ నోస్‌లో లోపల సీసం, చుట్టూ రాగి తొడుగు, ముక్కు దగ్గర సీసం బయటికి ఉంటుంది. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వేగం మరీ ఎక్కువైతే తొడుగు, సీసం విడిపోతాయి. బాండెడ్ రకంలో తొడుగుకు సీసాన్ని అతికిస్తారు కాబట్టి విడిపోవు. మూడోది మొత్తం రాగి గుండు, బార్న్స్ కంపెనీ 1980ల చివర్లో దీనికి పేరు తెచ్చింది. బరువు కోల్పోకుండా లోతుగా వెళుతుంది.

బురద మాట డాక్టర్ గారు ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలో ఒంటినిండా ఎండిన బురద ఉన్న మూస్ (భారీ దుప్పి లాంటి జంతువు) మీద శక్తిమంతమైన .300 మాగ్నమ్‌తో కాల్చాడు. గుండ్లు పైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. దాంతో ఆయన గుండు మధ్యలో రాగి గోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా ముందుకు సాగేలా తయారు చేశాడు. నోస్లర్ పార్టిషన్ గుండు అలా పుట్టి 1948 నుంచి అమ్మకానికి వచ్చింది. అక్కడ బోరు తక్కువై కాదు, గుండు నిలవక విఫలమైంది. బురదలో పొర్లే మన పందికి ఈ కథ ఎంత దగ్గరో చూడండి.

మన .315కు అదృష్టం ఏమిటంటే గుండు బరువైనది, వేగం తక్కువ. మామూలు సాఫ్ట్ నోస్ అయినా ఆ వేగంలో పగిలి ముక్కలు కాదు. ఖరీదైన గుండ్ల అవసరం వేగం ఎక్కువైన కొద్దీ పెరుగుతుంది.

కొత్త లైసెన్స్

అయితే 30-06 ఎందుకు వద్దు? 180 గ్రెయిన్ల గుండు సెకనుకు 820 మీటర్ల వేగంతో వెళుతుందని చదివాను. ఎంత శక్తి ఎక్కువైతే అంత మంచిది కదా? వీలైతే .308 ఇంకా బాగుంటుందేమో.

సుబేదార్

.308 ఊసెత్తకండి. సైన్యం వాడే 7.62, .303 తూటాలు పట్టే రైఫిళ్లన్నీ నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. సాధారణ లైసెన్సు మీద దొరకవు. .315 పుట్టిందే ఆ కారణంగా. బ్రిటిష్ వాళ్లు సైన్యం తూటా పట్టే రైఫిల్ పౌరుల చేతికి వెళ్లకూడదనుకున్నారు. అందుకే ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటాను తీసుకుని, లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యంత్రంలో అమర్చారు. ఇప్పుడు మనం పంటల మీద కాపలాకు వాడుతున్నాం.

30-06 మంచి తూటాయే. 1906 నుంచి ఉంది, దాంతో పడని జంతువు మన అడవుల్లో లేదు. కానీ మీ పొలానికి కావలసింది అంత దూరం కాదు. గురి తప్పినా, పందిని దాటి వెళ్లినా ఆ గుండు మూడు కిలోమీటర్లు దాటి వెళ్లగలదు. పొలం అవతల ఊరు ఉందా, రోడ్డు ఉందా, మేకల మంద ఉందా చూడండి. .315 గుండు కూడా దూరం పోతుంది, కానీ చేతిలో ఉన్నదాన్ని అమ్మి, ఇంకా దూరం పోయేదాన్ని కొనడం దేనికి? దిగుమతి తుపాకులు 1980ల మధ్య నుంచి సామాన్యులకు దాదాపు ఆగిపోయాయి. మంచి దిగుమతి తూటాలు దొరకడం కూడా కష్టం. ఉన్న .315తో చేయి కుదిరేలా సాధన చేయండి.

ఒక హెచ్చరిక. ఎవరైనా "గట్టి గుండు బాగా దూసుకెళుతుంది" అని పూర్తి తొడుగు ఉన్న సైన్యపు రకం గుండు సలహా ఇస్తే వినకండి. అది విచ్చుకోదు, సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. పంది అరకిలోమీటరు పరుగెత్తి చస్తుంది. గుండు మాత్రం బండరాయికి తగిలి ఎటు మళ్లుతుందో దేవుడికే తెలియాలి. చిత్తూరు, తిరుపతి గుట్టల్లో రాయి లేని చోటు ఎక్కడుంది?

సోమల అక్క

ఇంతసేపు ఓపిగ్గా చదివాను. గుండు బరువు, గుండు ముక్కు, గుండు వేగం! ఒక్కరైనా ఆ గుంపులో ఎన్ని ఆడపందులున్నాయని అడిగారా? ఈనడానికి పట్టేది మూడు నెలల మూడు వారాల మూడు రోజులు, ఈతకు నాలుగైదు పిల్లలు. మీరు గురి చూసి ఒంటిపందిని పడగొడితే అందరూ ఫోటో తీసుకుంటారు, మరుసటి రాత్రి మిగతా గుంపు మళ్లీ వస్తుంది. అసలు పంట పాడుచేసేది గుంపే. ఒంటిపంది వెంట మీరు పడేది దాని కోరలు చూసి.

నాకు నాలుగెకరాల చెరకు, వేరుశనగ. సోలార్ కంచె వేయించాను. బ్యాటరీతో నడిచే కంచె, ఆగి ఆగి వచ్చే షాక్. చంపదు, భయపెడుతుంది. కింది తీగ జానెడు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే పంది దూరిపోతుంది. గడ్డి తగిలితే షాక్ పోతుంది, వారానికోసారి కోయాలి. చుట్టూ నాలుగు వరుసలు ఆముదం వేశాను. వేరుశనగ వాసనను ఆముదం వాసన కప్పేస్తుందని హైదరాబాదు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు, మా పొలంలో నిజంగానే తగ్గింది. తుపాకి వద్దనడం లేదు. అదొక్కటే మందు అన్నట్లు మాట్లాడుతున్నారు, అది నచ్చలేదు.

భాకరాపేట రైతు

అక్కా, మీ మాట నిజం. ఆముదం ఈసారి వేస్తాను. కంచెకు నలుగురం కలిసి డబ్బు పోగుచేస్తున్నాం. గుంపులో నాలుగు ఆడపందులు, చాలా పిల్లలు ఉన్నాయి. అర్జీలో కూడా గుంపు అనే రాశాం.

నిర్వాహకుడు

ఒక సభ్యుడు నాటు బాంబులు, కరెంటు తీగలు పెట్టే పద్ధతి రాశారు. ఆ పోస్టు తీసేశాం. మరోసారి రాస్తే ఖాతా కూడా తీసేస్తాం.

పశువైద్యుడు, పలమనేరు

మంచి పని చేశారు. కొవ్వు పూసి పొలంలో పడేసిన నాటు బాంబును పంది ఒక్కటే కొరకదు. దవడ పగిలిన ఆవులు నా దగ్గరికి వస్తాయి. మేత మేయలేవు, బతకవు, వెంటనే చావవు కూడా. కరెంటు తీగ మీద ఏనుగులు పోయిన ఊళ్లు కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఎన్ని ఉన్నాయో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కరలేదు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు కూడా పోయారు.

డబుల్ బ్యారెల్, పుంగనూరు

సరే, పెద్ద మగపందికి ఎల్‌జీ వద్దు, ఒప్పుకున్నాను. 12 బోరులోనే ఒంటి గుండు తూటా ఉంది కదా? దాని మాట ఎవరూ ఎత్తలేదు.

సుబేదార్

ఒంటి గుండు బరువు బాగానే ఉంటుంది, నలభై మీటర్ల లోపు పందిని పడేస్తుంది కూడా. కానీ డబుల్ బ్యారెల్‌లో రెండు గొట్టాలూ ఒకేచోట కొడతాయన్న నమ్మకం లేదు. ముందు పూస ఒక్కటే గురి. మీ తుపాకిలో ఏ గొట్టం ఎటు కొడుతుందో కాగితం మీద కాల్చి చూసుకున్నారా అన్నా? పైగా గొట్టం మూతి సన్నగా ఉన్న ఫుల్ చోక్ నుంచి బోరు నిండా ఉండే ఒంటి గుండు కాల్చకూడదు. మీ గొట్టం మీద ఏమి రాసి ఉందో ముందు చదవండి.

డబుల్ బ్యారెల్, పుంగనూరు

ఎడమ గొట్టం ఫుల్ చోక్. ఇప్పుడే చూశాను. కుడిది చూడటానికి కళ్లజోడు కావాలి.

భాకరాపేట రైతు

అయితే .315 సాఫ్ట్ నోసే ఖాయం. మరో మూడు ప్రశ్నలు. గట్టు మీద చింతచెట్టుకు మంచె కట్టాలనుకుంటున్నాను, పందులు వచ్చే దారికి నలభై మీటర్లు ఉంటుంది. ఆ దూరం సరేనా? గురి ఎంత దూరానికి సరిచేసుకోవాలి? నాన్నగారు కొన్న పాత తూటాలు ఒక పెట్టె ఉంది, వాడవచ్చా?

సుబేదార్

మంచె చాలా మంచి ఆలోచన. పంది కోర చూసి భయపడి ఎక్కడం కాదు దాని ఉపయోగం. పై నుంచి కిందికి కాలిస్తే పందిని దాటిన గుండు మట్టిలో దిగుతుంది. నేల మీద కూర్చుని కాలిస్తే అది ఊరి వైపు వెళుతుంది. మంచె ముందు భూమి దుక్కి మట్టిగా ఉండాలి, బండ ఉన్న వైపు కాల్చే హద్దులోంచి తీసేయండి. పగలే రెండు కొయ్యలు పాతుకుని "ఈ రెంటి మధ్యే కాలుస్తాను" అని నిర్ణయించుకోండి.

నలభై మీటర్లు సరిగ్గా సరిపోతుంది. గురి యాభై మీటర్లకు సరిచేసుకుంటే ముప్పై నుంచి ఎనభై వరకు పంది మీద తేడా లెక్కలోకి రాదు. అది కూడా పొలంలో కాదు, అనుమతి ఉన్న రేంజిలోనే. ఏ తూటాతో వేటకు వెళతారో అదే పెట్టెలోవి వాడండి. నిలబడి కాల్చే సాధన వద్దు, మంచె మీద ఎలా కూర్చుంటారో అలాగే, కడ్డీ మీద ఇసుక సంచి పెట్టుకుని కాల్చండి.

తూటా అడుగున కేఎఫ్ (కిర్కీ ఫ్యాక్టరీ) అక్షరాలతో పాటు సంవత్సరం అంకెలు ఉంటాయి. పాతవైతే, పచ్చగా చిలుము పట్టి ఉంటే పక్కన పెట్టండి. పేలకపోతే వెంటనే బోల్టు తెరవకండి, మూతి సురక్షితమైన వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ఇంకొకటి. .315 తూటాకు అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడాలి. వెనక పడితే రెండో తూటా తీసుకునేటప్పుడు ఇరుక్కుంటుంది. అది ఇరుక్కునేది సరిగ్గా పంది మీదికి వచ్చేటప్పుడే. ఎన్నికలకు స్టేషనులో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక గొట్టం లోపల చూశారా? అక్కడి తేమకు లోపల తుప్పు గుంటలు పడిన రైఫిళ్లు చాలా చూశాను.

ఆస్టిన్ చిత్తూరోడు

సుబేదార్ గారికి ఒక చేర్పు. మంచె మీద నుంచి కాలుస్తున్నప్పుడు తగిలే చోటునే చూడకండి, గుండు బయటికి వచ్చే చోటును ఊహించండి. కోణం ఎక్కువైతే పైన సరిగ్గా తగిలినా కింద గుండెను తప్పి పోతుంది. ముందుకాలు అవతలి వైపు ఎక్కడుందో అక్కడికి గుండు చేరాలి. మీ వైపు తిరిగి నిలబడితే, వెనక నుంచి కనిపిస్తే కాల్చవద్దు, పక్కకు తిరిగేదాకా ఆగండి. వెనక మరో పంది ఉన్నప్పుడు కూడా ఆగాలి, .315 మొదటిదాన్ని దాటి రెండోదాన్ని గాయపరుస్తుంది.

కొత్త లైసెన్స్

చెవి కింద కాలిస్తే అక్కడికక్కడే పడుతుందని వీడియోల్లో చూపిస్తారు. అది ఎందుకు చెప్పడం లేదు?

సుబేదార్

మేస్తున్న పంది తల ఒక్క క్షణం కూడా నిలవదు. రాత్రి, ఇనుప గురితో, అరచేతి అంత చోటు. రెండు వేళ్లు అటూ ఇటూ అయితే దవడ పోతుంది. ఇప్పుడే డాక్టర్ గారు దవడ పోయిన ఆవుల గురించి చెప్పారు.

రిటైర్డ్ రేంజర్

రాత్రి లైటు వాడవచ్చా, ఏ సమయాల మధ్య కాల్చవచ్చు, పిల్లలున్న ఆడపంది విషయం, ఇవన్నీ అనుమతి కాగితంలోని షరతులను బట్టి ఉంటాయి. మా అబ్బాయి ఇలా చెప్పాడు, ఫోరంలో అలా రాశారు అంటే చెల్లదు.

దెబ్బ తిన్న పంది రిజర్వు అడవిలోకి దూరితే రైఫిల్ పట్టుకుని వెంటపడకండి. బీట్ అధికారికి ఫోను చేయండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. పొలంలోనే పడినా కనీసం అరగంట మంచె దిగవద్దు. దిగాక తల వైపు నుంచి కాకుండా వీపు వైపు నుంచి, రైఫిల్ నింపి ఉంచుకుని వెళ్లండి.

మాంసం గురించి ఇద్దరు ప్రైవేటుగా అడిగారు. ఇక్కడే చెబుతున్నాను. అనుమతితో కాల్చిన పంది ప్రభుత్వ ఆస్తి, చట్టంలో సెక్షన్ 39 ఆ మాటే చెబుతుంది. పంచుకోవడానికి వీల్లేదు. అధికారి పంచనామా రాసుకుని, ఆయన చెప్పిన చోట పాతిపెట్టాలి.

పశువైద్యుడు, పలమనేరు

పాతిపెట్టేవాళ్లు చేతికి గ్లోవ్స్ లేకుండా తాకకండి. బ్రూసెల్లా లాంటి జబ్బులు రక్తం నుంచి, ఈనిన ఆడపంది స్రావాల నుంచి అంటుకుంటాయి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు రాదు, కానీ 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన దగ్గర నుంచి పెంపుడు పందుల రైతులు చాలా నష్టపోయారు. అడవిపంది కళేబరం నుంచి అది పెంపుడు పందులకు పాకుతుంది. ఊళ్లో పందులు పెంచే వాళ్లుంటే వాళ్లను ఆ గుంత దగ్గరికి రానివ్వకండి. కాల్చకముందే చచ్చి పడి ఉన్న పందులు కనిపిస్తే నాకు గాని దగ్గరి పశువైద్యశాలకు గాని చెప్పండి.

సోమల అక్క

ఇది పనికొచ్చే మాట. గుండు గురించి రాసిన దానికంటే ఇదే ఎక్కువ నచ్చింది.

భాకరాపేట రైతు

అందరికీ ధన్యవాదాలు. రైఫిల్ గొట్టం చూశాను, మూతి దగ్గర కొంచెం తుప్పు ఉంది. తుపాకి బాగుచేసేవారి దగ్గరికి తీసుకెళుతున్నాను. పాత పెట్టెలోని తూటాలు చిలుము పట్టాయి, డీలరుకు ఇచ్చేసి కొత్తవి లైసెన్సు కోటాలో కొంటాను. బీట్ అధికారి రేపు హద్దు చూపించడానికి వస్తానన్నారు, మంచె ముందున్న బండను ఆయనకు కూడా చూపిస్తాను. అనుమతి వచ్చాక షరతులు ఇక్కడ రాస్తాను.

డబుల్ బ్యారెల్, పుంగనూరు

కుడి గొట్టం మీద ఏమీ రాసి లేదు. సుబేదార్ గారూ, ఇప్పుడు దాన్ని ఏమనుకోవాలి?

సుబేదార్

ఏమీ అనుకోకండి అన్నా. తుపాకి బాగుచేసేవారితో మూతి కొలిపించండి. అప్పటిదాకా ఒంటి గుండు తూటాను ఏ గొట్టంలోనూ పెట్టకండి.